మూడోసారి అడగని బోటు

నార్‌డేల్, మిన్నెసోటా
11 అక్టోబరు 1998

చెల్లాయి సిగ్నేకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నా మోకాలి నొప్పీ. మీ వదిన ఆర్డిస్ పోయాక ఈ ఇంట్లో లెక్కకి ఇంకెవరూ లేరు. జూన్‌లో రోడ్ల శాఖవాళ్ళు కేకు కోసి, చేతికి గడియారం కట్టి నన్ను ఇంటికి పంపించేశారు. ముప్పై నాలుగేళ్ళు మంచు తోసే లారీ నడిపినవాడికి, టైము చూసుకునే పని తీరిపోయాక గడియారం ఇవ్వడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇంతకీ సంగతేమిటంటే, నాన్న బోటును కొట్టంలోంచి బయటికి లాగాను. అదే, 1960లో కొన్నది. నెమలికంఠం రంగు, వెనకాల చేపకున్నట్టు రెండు రెక్కలు. టార్పాలిన్ తీస్తే మూడు ఎలుకల సంసారాలు బయటపడ్డాయి. సబ్బుతో కడిగితే పైభాగం తళతళలాడిపోయింది. మురిసిపోయి లోపల కాలు పెట్టానో లేదో, నేల చెక్క పుసుక్కున దిగబడి మోకాలిదాకా కూరుకుపోయాను. పైన పటారం, లోన లొటారం! ఫైబర్‌గ్లాస్‌కి ఏమీ కాలేదు గానీ, దాని లోపల ఉన్న చెక్కంతా కాఫీలో నానిన రొట్టెలా అయిపోయింది.

పక్కింటి ఐనార్ కంచె మీద మోచేతులు ఆనించి అంతా చూశాడు. "పూలమొక్కలు వేసుకో హాల్వర్, తొట్టి బాగుంది" అన్నాడు. ఆ మాటకే నాకు పంతం వచ్చింది. బోటు గ్యారేజీలోకి, కారు బయటికి. మే నెలలో సరస్సు మంచు విడిచేసరికి దీన్ని నీళ్ళలో దించకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే. నీకు ఆ బోటు గుర్తుందో లేదో అని.

మీ అన్నయ్య
హాల్వర్

---

టూసాన్, అరిజోనా
25 అక్టోబరు 1998

అన్నయ్యా,

గుర్తుందో లేదోనా? ఆ మంచు లారీ ఎప్పుడైనా నీ తల మీదినుంచి పోయిందా ఏం?

నాకు ఇరవయ్యేళ్ళప్పుడు నాన్న మొదటిసారి నా చేతికి స్టీరింగ్ ఇచ్చాడు. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. చూపుడువేలు ఇలా తిప్పితే కుడికి, అలా తిప్పితే ఎడమకి. సరస్సులో రెల్లు గుబురుగా ఉండే ఆ రెల్లు మలుపు దగ్గర మాత్రం నోరు విప్పి, "రాళ్ళకి కొట్టావంటే ఈదుకుంటూ ఇంటికి రా" అన్నాడు. నేను మోటారు బాగా తగ్గించి, మెల్లగా, అద్దం మీద చెయ్యి తిప్పినట్టు తిప్పాను. నాన్న టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మన నాన్న లెక్కలో అది చప్పట్లు కొట్టడమే కదా! ఒడ్డున అమ్మ యాలకుల రొట్టె కోసి పెట్టుకుని, ఎప్పటికీ రారేమని అటూ ఇటూ తిరుగుతుండేది. నీ ఉత్తరం చదువుతుంటే ఆ పెట్రోలు వాసనా, ఆ రొట్టె వాసనా కలిసి వచ్చాయంటే నమ్ము. ఏడ్చాను కూడా. మీ బావ గోర్డన్ చూసి, "ఎడారిలో కూర్చుని బోటు కోసం ఏడిచే మనిషిని నిన్నే చూశాను" అన్నాడు.

అంత మంచి బోటును ఎలుకలకి కౌలుకిచ్చావు చూడు, నిన్నేమనాలి?

సరే, ఒక మాట. మే నెలలో నన్ను రమ్మంటావా? చెక్కపని నాకు రాదు గానీ ఉప్పు కాగితంతో రుద్దడం వచ్చు. దాన్ని నీళ్ళలో దించేటప్పుడు అక్కడ ఉండాలని ఉంది. వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆలోచించి రాయి.

నీ చెల్లెలు
సిగ్నే

---

నార్‌డేల్
15 నవంబరు 1998

సిగ్నేకి,

నీ ఉత్తరం వచ్చిన రోజే మొదటి మంచు పడింది. రెండూ బాగానే ఉన్నాయి.

మోటారు తగిలించే వెనక పలక విప్పాను. బయటినుంచి రాయిలా ఉంది, లోపల చెంచాతో తోడుకోవచ్చు. ఫైబర్‌గ్లాస్ పొర కోస్తే ఆ దుమ్ము చొక్కాలోకీ, మెడలోకీ దూరి మూడు రోజులు ఒకటే దురద. ఆదివారం ప్రార్థనలో గోక్కుంటుంటే పాస్టరుగారు నాకేదో పాపభీతి పట్టుకుందనుకుని వచ్చి భుజం తట్టాడు.

చర్చి అంటే గుర్తొచ్చింది. కింద గదిలో కాఫీల దగ్గర పళ్ళెంలో చివరి కేకు ముక్క మిగిలింది. ఐనార్ సగం కోసుకున్నాడు. లవీనా ఆ మిగిలిన దాంట్లో సగం. నేను అందులో సగం. మొత్తం ఎనిమిది మంది సగాలు కోశాం. ఆఖరికి పళ్ళెంలో ఒక్క పొడి రేణువు మిగిలింది, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆఖరి ముక్క తిన్నాడన్న పేరు ఎవడిక్కావాలి!

నువ్వు వస్తానన్న సంగతి. ఎందుకమ్మా అంత దూరం, నీకు శ్రమ. మేలో ఇక్కడ దోమలు కూడా మొదలవుతాయి. గోర్డన్ బావ ఒక్కడూ ఏం వండుకుంటాడు? నాకేం ఇబ్బంది లేదు, నేనొక్కణ్ణీ దించుకోగలను. రావద్దులే.

పై గదికి రంగు వేశాను. ఊరికే, డబ్బాలో రంగు మిగిలిపోతేనూ. పరుపు కూడా కొత్తది వేశాను.

మీ అన్నయ్య
హాల్వర్

---

టూసాన్
6 డిసెంబరు 1998

అన్నయ్యా,

కేకు సంగతి చదివి గోర్డన్ నమ్మలేదు. "ఎనిమిది మంది కత్తి పట్టుకున్నారా? అడిగి తినేస్తే పోయేదిగా" అంటాడు. ఆయనకి ఒక్కసారి "తింటారా?" అంటే చాలు, పళ్ళెం కూడా మిగల్చడు. పెళ్ళైన కొత్తలో వాళ్ళమ్మ నన్ను "ఇంకాస్త పెట్టనా?" అని అడిగితే, "వద్దండీ" అన్నాను. ఆవిడ సరేనని గిన్నె తీసుకుపోయింది! ఆ ఏడాదంతా నాకు అర్ధాకలే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అత్తైనా పెట్టదు. ఆ దెబ్బకి నోరు తెరిచి అడగడం నేర్చుకున్నాను.

నువ్వు రావద్దన్నావు కాబట్టి సరే. నీ ఇష్టం నీది, నేనేం అనుకోను. మేలో గోర్డన్ స్నేహితులతో కలిసి మెక్సికో వైపు సముద్రానికి వెళ్దామంటే ఒప్పేసుకున్నాను. బోటు దించాక ఒక ఫొటో తీసి పంపు. రంగు మాత్రం మార్చకు, దండం పెడతాను.

క్రిస్మస్ శుభాకాంక్షలతో,
సిగ్నే

---

నార్‌డేల్
17 జనవరి 1999

సిగ్నేకి,

సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉంది. గ్యారేజీలో కరెంటు హీటరు పెట్టినా ఫైబర్‌గ్లాస్‌కి పూసే రెసిన్ గట్టిపడలేదు. మొదటిసారి గట్టిపరిచే మందు తక్కువేస్తే వారమైనా జిగురులాగే ఉంది, మొత్తం గీకి పారేశాను. రెండోసారి ఎక్కువేస్తే డబ్బా పొగలు కక్కి, చేతిలోనే మెత్తబడిపోయింది. ఐనార్ బకెట్టుతో మంచు తెచ్చి దాని మీద పోసి, "పూలమొక్కలు అన్నానా లేదా?" అన్నాడు.

మెక్సికో వెళ్తున్నారన్నావు. మంచిది. అక్కడ ఎండ బాగా ఉంటుందట.

పై గదిలో పరుపు మీద ఇప్పుడు పనిముట్లు పెట్టుకుంటున్నాను.

ఐనార్ అల్లుడు బోటు అడుగుతున్నాడు. పూర్తయ్యాక ఇచ్చేద్దామనుకుంటున్నాను. మన వాళ్ళెవరికీ అది అక్కర్లేనట్టుంది.

హాల్వర్

---

టూసాన్
2 ఫిబ్రవరి 1999

హాల్వర్‌కి,

అన్నయ్యా అని మొదలుపెట్టబుద్ధి కావడం లేదు.

ఇచ్చెయ్! ఐనార్ అల్లుడికి ఇస్తావో, ఆ వీధిన పోయే వాడికి ఇస్తావో, నీ బోటు నీ ఇష్టం. వస్తానంటే రావద్దన్నావు. సరేనంటే నాకు అక్కర్లేదంటున్నావు. కొట్టి ఏడవవద్దంటే ఎలా? ఆ బోటు నాకు అక్కర్లేదని నీకెవరు చెప్పారు?

ముప్పై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, గోర్డన్‌కి కూడా చెప్పనిది, ఇప్పుడు చెప్తున్నాను. 1965లో నేను ఇక్కడికి బయల్దేరిన వారం, భోజనాల దగ్గర నాన్న అడిగాడు. "ఆ బోటు నువ్వు తీసుకోరాదూ? నీ చేతికి బాగా లొంగుతుంది." నేను, "అమ్మో, నాకెందుకు నాన్నా, మీరు నడుపుకోండి" అన్నాను. మర్నాడు పెట్టెలు కారులో పెడుతుంటే మళ్ళీ అడిగాడు. "ఇక్కడే ఉంచుతాలే, వేసవికి వచ్చి నడుపుకుందువు గాని." నేను, "అయ్యో, అన్నయ్య ఉన్నాడుగా" అన్నాను. మన ఇంట్లో పెరిగినవాళ్ళు ఇంకేమంటారు? అమ్మ ఏం నేర్పింది మనకి? మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు అలవాటుకి, మూడోది మాత్రమే నిజం. మూడోసారి అడిగితే "సరే నాన్నా" అందామని నోట్లో మాట పెట్టుకుని బయల్దేరే రోజు పొద్దున్నే రేవు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాన్న వచ్చాడు. వాతావరణం గురించి మాట్లాడాడు. కారు టైర్లలో గాలి చూసుకోమన్నాడు. వెళ్ళిపోయాడు.

అంటే ఆయనకి ఇవ్వాలని లేదు, మాటవరసకి అడిగాడన్నమాట. నేనంటే నాన్నకి అంతే లెక్క అనుకున్నాను. బోటుంటే ప్రతి వేసవికీ వచ్చేదాన్ని. ఆ వంకే లేకుండా పోయింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వచ్చానో వేళ్ళ మీద లెక్కపెట్టు, ఒక చెయ్యి చాలు. అందులో రెండు చావులకి.

ఇంక ఈ బోటు గురించి నాకు రాయకు.

సిగ్నే

---

నార్‌డేల్
7 మార్చి 1999

సిగ్నే,

నీ ఉత్తరం వచ్చి నాలుగు వారాలైంది. రోజూ ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈ నాలుగు వారాల్లో నేల చెక్కలన్నీ కొత్తవి వేశాను, వెనక పలక పూర్తయింది, మాటలు మాత్రం రాలేదు. రాయకు అన్నావు. రాయక తప్పదు.

నాన్న మూడోసారి అడగబోయాడు.

ఆ పొద్దున నేను కొట్టంలో ఉన్నాను. నాన్న వచ్చి బోటు తాళంచెవి మేకు మీదినుంచి తీసి జేబులో వేసుకున్నాడు. "ఇంకోసారి అడిగేసి వస్తాను, ఈసారి ఒప్పుకుంటుంది" అన్నాడు. నాకప్పుడు ఇరవైతొమ్మిదేళ్ళు. ఆ బోటు మీద నాకెంత ఆశో నీకు తెలియదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు నాన్న. నా నోటమ్మట మాట దానంతటదే వచ్చేసింది. "నేను అడిగాను నాన్నా పొద్దున్నే. నిజంగానే వద్దంది. ఎడారిలో బోటేం చేసుకోను అని నవ్వింది కూడా."

నువ్వు నవ్వావని చెప్పాను, సిగ్నే. అది నేను కలిపాను.

నాన్న "ఓహో" అన్నాడు. తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించాడు. తర్వాత రేవు దగ్గరికి వచ్చి నీతో టైర్ల గురించి మాట్లాడాడు.

రెండు వేసవులు నడిపాను దాన్ని. మూడో వేసవిలో ఒకరోజు రెల్లు మలుపు తిప్పి ఒడ్డుకి తెస్తే నాన్న, "సిగ్నే అయితే ఇంకా మెల్లగా తిప్పేది" అన్నాడు. ఆయనేదో మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. మోటారు పాడైందని ఇంకో అబద్ధం చెప్పి కొట్టంలో పెట్టేశాను. నాన్న పోయేటప్పుడు చెప్దామనుకున్నాను. చెప్పలేదు. ఆర్డిస్‌కి చెప్తే, "ఇప్పుడే వెళ్ళి మీ చెల్లెలికి ఫోన్ చెయ్యి" అంది. చెయ్యలేదు. ఆవిడ పోయాక బోటు బయటికి లాగాను. బాగుచేసి ఇచ్చేస్తే నోరు తెరిచే పని తప్పుతుందనుకున్నాను. నా తెలివి ఇలా ఏడ్చింది.

నవంబరులో రావద్దన్నది మొదటి వద్దే. నువ్వు ఇంకో రెండుసార్లు అడుగుతావని చూస్తూ కూర్చున్నాను. డిసెంబరులో నీ "సరే" చూసి నాకూ కడుపు మండింది. నీకు రావాలని లేదనుకున్నాను. ఐనార్ అల్లుడు బోటు అడగనూ లేదు పాడూ లేదు, వాడికి నీళ్ళంటే భయం.

ఇప్పుడు అడుగుతున్నాను. బోటు నీది, తీసుకో. వద్దులే అంటావు, అన్నావే అనుకో. సిగ్నే, నీ కోసమే చేశాను, తీసుకో. ఎందుకులే అన్నయ్యా, నువ్వే ఉంచుకో అంటావు. అది కూడా అన్నావనుకో. మూడోసారి అడుగుతున్నాను. నాన్న అడగవలసినది నా వల్ల ఆగిపోయింది. తీసుకో.

రావాలని కూడా ఉంది నాకు. అంటే, నువ్వు రావాలని. ఇంత ముసలితనంలో ఒక్క వాక్యం తిన్నగా రాయలేకపోతున్నాను. పరుపు మీద పనిముట్లు తీసేశాను.

హాల్వర్

---

టూసాన్
4 ఏప్రిల్ 1999

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట దాన్ని ముక్కలు చేద్దామనుకున్నాను. తర్వాత నిన్ను. రెండు వారాలు నీతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. అంట్లు తోముతూ, కారు నడుపుతూ, ఒకసారి కొట్లో టమాటాలు ఏరుతూ గట్టిగా తిట్టేశాను కూడా. పక్కనున్న ఆవిడ తన బండి వెనక్కి లాక్కుంది.

నేను నవ్వానని చెప్తావా? తొమ్మిదేళ్ళు బతికాడు నాన్న ఆ తర్వాత. నేను నవ్వానని నమ్ముతూ బతికాడు. అది మాత్రం నేను అంత తొందరగా మరిచిపోలేను. మరిచిపోయానని మర్యాదకి కూడా అనను. నీ మీద కోపం ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. నువ్వు భరించు.

కానీ తాళంచెవి జేబులో వేసుకున్నాడా నాన్న? నిజంగా? "ఈసారి ఒప్పుకుంటుంది" అన్నాడా? ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. గోర్డన్‌కి అంతా చెప్పాను. ఆయన, "అయితే మీ నాన్నకి నువ్వు కావాలి, నీకు బోటు కావాలి, మీ అన్నకి మీరిద్దరూ కావాలి. ఒక్కళ్ళూ ఒక్క ముక్క అనలేదు. మీ ఊళ్ళో నీళ్ళలో ఏమైనా కలుస్తుందా?" అన్నాడు. మెక్సికో ప్రయాణం మానేశాడు. ఆయన కూడా వస్తాడు. తిండి దగ్గర ఆయన్ని ఒక్కసారే అడుగు, లేకపోతే మనకేమీ మిగలదు.

నువ్వు మూడుసార్లు అడిగావు. నా తరఫున రెండు వద్దులూ నువ్వే అనేశావు, అలవాటు పోనిచ్చావు కాదు. ఇంక నా వంతు.

కావాలి.

నాకు ఆ బోటు కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. ఈ మాట రాస్తుంటే ఒళ్ళంతా సిగ్గుగా ఉంది, ఈ వయసులో! అయినా కొట్టెయ్యను, అలాగే ఉంచుతున్నాను.

బోటు నీ సరస్సులోనే ఉంటుంది. ప్రతి మే నెలలో నేను వస్తాను, నాకు పై గది కావాలి. ఆకులు రాలేదాకా కదలను. స్టీరింగ్ నాది. రెల్లు మలుపు నేనే తిప్పుతాను, నువ్వు ఎలా తిప్పాలో చెప్పడానికి వీల్లేదు.

ఆ పక్క సీటు ఖాళీగా ఉంటుంది. నువ్వు చేసిన చెక్క, నువ్వు గోక్కున్న దురద. కాబట్టి అడుగుతున్నాను, ఎక్కుతావా? ఇది ఒక్కసారే అడుగుతాను, హాల్వర్. మొహమాటానికి వద్దన్నావో, నిన్ను రేవు మీద వదిలేసి పోతాను. ఒట్టు.

సిగ్నే

---

నార్‌డేల్
21 ఏప్రిల్ 1999

సిగ్నే,

నిన్న మధ్యాహ్నం సరస్సు మంచు విడిచింది.

ఎక్కుతాను.

అన్నయ్య